మూడు అవుట్లు కావలెను

గోనెసంచుల కార్పొరేషన్‌కి బేస్‌బాల్ జట్టెందుకని ఎవరైనా అడిగితే, ఆ మనిషి ఏనాడూ సర్కారీ ఆఫీసు మెట్లెక్కలేదని అర్థం. పాతికేళ్ల కిందట ఒక మేనేజింగ్ డైరెక్టరు గారు జనపనార సంగతులు చూసి రమ్మంటే విదేశం వెళ్లి, జనపనార తప్ప మిగతావన్నీ చూసి, వస్తూ వస్తూ ఒక బ్యాటూ రెండు బంతులూ పట్టుకొచ్చారు. ఆయన బదిలీ అయిపోయారు గానీ బ్యాటు మిగిలిపోయింది. బ్యాటుకి ఒక ఫైలు, ఫైలుకి ఒక పద్దు, పద్దుకి ఒక జట్టు పుట్టుకొచ్చాయి. సర్కారులో పుట్టినదేదీ దానంతటది చావదు. అందుకని గోదావరి జిల్లాలో, బియ్యం మిల్లుల మధ్య, ఊక నింపిన గోనెసంచుల్ని నాలుగు మూలలా పరిచి ఆడే ఆడవాళ్ల బేస్‌బాల్ జట్టొకటి నిక్షేపంలా బతుకుతూ వచ్చింది.

ఆ జట్టులో బంతి విసిరే మనిషి, అంటే పిచరు, కడలి నాగవేణి. ఉదయం గోడౌనులో సంచులు లెక్కపెట్టడం, సాయంత్రం బంతి విసరడం, పదకొండు నెలలకోసారి కాంట్రాక్టు కాగితం మీద సంతకం పెట్టడం. ఆరేళ్లుగా ఇదే వరస. ఆ విసురు ఆమెకి వాళ్లమ్మ శేషమ్మ దగ్గర్నుంచి వచ్చింది. శేషమ్మ పెంకుల ఫ్యాక్టరీలో లోడెత్తే కూలీ. కింద ఒకరు పెంకు విసిరితే లారీ మీద ఇంకొకరు అందుకోవాలి. విసిరింది వంకరపోయినా, అందుకున్న చెయ్యి వణికినా పెంకు పగులుతుంది, మేస్త్రీ నోరు లేస్తుంది. బడి సెలవులన్నీ కిందనుంచి తల్లికి పెంకులు విసురుతూ గడిపిన పిల్ల నాగవేణి. ఆమె చేతిలోంచి వెళ్లిన వస్తువు అనుకున్న చోటికి పోవలసిందే.

కోచ్ ముదునూరి వరహాలరాజు గారు. అసలు ఉద్యోగం కుట్టు విభాగం సూపరింటెండెంటు. ఆట తెలియనివాళ్లు అడిగితే ఆయన ఓపిగ్గా చెప్పేవారు.

"ఏం లేదండి. పిచరు విసురుద్ది, బ్యాటరు కొట్టుద్ది. కొట్టి, నాలుగు సంచులూ చుట్టి వస్తే ఒక పరుగు. మూడుసార్లు కొట్టలేకపోయినా, కొట్టిన బంతి ఎవరైనా గాల్లో పట్టేసినా అవుటు. ముగ్గురు అవుటయ్యేదాకా అవతలోళ్లు దిగరండి. క్రికెట్‌లోలాగ ఓవర్ల లెక్కుండదు, గడియారం అంతకన్నా ఉండదు. ఆపేవాడు ఆపితేనే ఆగుద్ది ఈ ఆట."

ఆ ఆపడం మీదే ఆయన జట్టు బతికింది. కిందటేడు పద్నాలుగు మ్యాచ్‌లాడి పన్నెండు గెలిచారు. అన్నీ ఒకటి-సున్న, రెండు-ఒకటి బాపతు. చూసేవాళ్లకి ఆవులింతలొచ్చేవి, ఆఫీసుకి కప్పులొచ్చేవి. "పరుగు ఆపితే పరుగు చేసినట్టేనండి" అని రాజుగారు అందరితోనూ అనేవారు. ఆ మాట మీద ఎవరికీ పేచీ లేకపోయింది, దక్షిణామూర్తి గారు వచ్చేదాకా.

దక్షిణామూర్తి గారు ఫలితాల కొలమాన విభాగానికి ప్రత్యేకాధికారి. అన్ని కార్పొరేషన్ల సిబ్బందినీ, ఆటల జట్లనీ ఒక దారిలో పెట్టమని పై నుంచి దిగారు. మూడు నెలలు కిందామీదా పడి ఒక నివేదిక తయారు చేయించారు. గత పదేళ్లలో జరిగిన రెండువందల పన్నెండు మ్యాచ్‌లను కూలంకషంగా పరిశీలించగా, గెలిచిన ప్రతి జట్టూ ఓడిన జట్టుకంటే ఎక్కువ పరుగులు చేసినట్లు నిర్ద్వంద్వంగా తేలినది అని అందులో ఉంది. నూటికి నూరు పాళ్లూ, ఒక్క మినహాయింపు కూడా లేదు. అది చదివి పై అధికారులు నిర్ఘాంతపోయారట. ఇంత పెద్ద నిజం ఇన్నాళ్లూ కళ్లెదుటే ఉండి ఎవరికీ తట్టలేదే అనుకున్నారట. ఓడినవాళ్లు తక్కువ పరుగులు ఎందుకు చేశారో, ఎవరు చేయనివ్వలేదో నివేదికలో లేదు. అడిగినవాళ్లూ లేరు.

ఆ వెంటనే ప్రతి క్రీడాకారిణికీ ఒక ఫలిత పత్రం పెట్టారు. చేసిన పరుగు ఒక్కింటికి ఒక పాయింటు. నెలాఖరుకి వంద పాయింట్లున్న కాంట్రాక్టు ఉద్యోగికి పర్మనెంటు. లేకపోతే ఇక రానక్కర్లేదు.

పిచర్లకి బ్యాటింగు చివర్లో వస్తుంది, వచ్చినా ఎవరూ ఆశలు పెట్టుకోరు. నాగవేణి ఆరేళ్లలో చేసిన పరుగులు నాలుగు.

విచారణకి పిలిచారు. రాజుగారు తోడెళ్లారు.

"కడలి నాగవేణి, కాంట్రాక్టు సహాయకురాలు. ఆరు సంవత్సరములు, నాలుగు పరుగులు" అని చదివి దక్షిణామూర్తి గారు కళ్లద్దాలు తీశారు. "మిగిలిన కాలమంతా తమరు మైదానమునందు ఏమి నిర్వహించుచున్నట్లు?"

"విసురుతున్నానండి."

"తత్ఫలితం?"

"అవతలివాళ్లకి పరుగులు రాలేదండి. పోయినేడు మొత్తం మీద ఏడే వచ్చాయండి."

"రానిదానిని ఫలితముగా ఏ నిబంధన కింద పరిగణించమంటారు? వచ్చినదానిని లెక్కించవచ్చును. రానిదానిని లెక్కించుటకు ఈ కార్యాలయమునందు యంత్రాంగం లేదు."

రాజుగారు కుర్చీలో ముందుకి జరిగారు. "స్కోరు షీటులో సున్నాలున్నాయి కదండి. ఆ సున్నాలన్నీ ఈ అమ్మాయివేనండి."

"రాజుగారూ, సున్నకు స్వంతదారు ఉండరు. ఆనాడు పరుగులు తీయవలెనను ఉద్దేశమే ఎదుటి జట్టుకు లేకపోయి ఉండవచ్చును. ఉద్దేశం ఉన్నదనియు, ఈమె కారణముగానే నెరవేరలేదనియు ఎదుటి బ్యాటర్లు స్వయముగా వ్రాసి, గెజిటెడ్ అధికారి ధ్రువీకరించినచో సానుభూతితో పరిశీలిస్తాం."

నాగవేణి నిజంగానే బయల్దేరింది. ఉద్యోగం కావాలి మరి. తల్లికి మోకాళ్లు పోయాయి, ఇక లారీ ఎక్కలేదు. ఇంట్లో పొయ్యి వెలగడం ఇప్పుడు ఈ కుడిచేతి మీద ఉంది. మొదట రొయ్యల అభివృద్ధి మండలి ఆఫీసుకి వెళ్లింది. వాళ్ల జట్టులో మేటి బ్యాటరు వాసంశెట్టి కుమారి రొయ్యల బరువు చూస్తోంది.

"నీ బంతి కొట్టలేకపోయానని రాసివ్వాలా? బాగానే ఉంది వదినా" అంది కుమారి, తక్కెడ మీంచి చూపు తిప్పకుండా. "నీ పత్రంలో ప్లస్సయింది నా పత్రంలో మైనస్సవదా? నిజం చెప్పమంటే నీ బంతి నాకు కనపడనే కనపడదు. కానీ కాయితం మీద మాత్రం ఆవేళ నాకు తలనొప్పి."

మిగతావాళ్లూ అదే మాట. నాలుగు ఊళ్లు, ఐదు కార్పొరేషన్లు, ఇరవై ముగ్గురు బ్యాటర్లు. కిందటేడు నాగవేణి విసిరిన ప్రతిరోజూ అందరికీ తలనొప్పే.

ఉత్త చేతులతో తిరిగొస్తే గోడౌను గేటు దగ్గర వాచ్‌మన్ ఏసోబు హుషారుగా కనిపించాడు. కిందటి వారం దాకా ఏసోబుది కూడా ఇదే ఏడుపు. పంతొమ్మిదేళ్ల కాపలాలో ఒక్క దొంగని కూడా పట్టలేదని అతనికీ నోటీసిచ్చారు. గోడౌనులో పంతొమ్మిదేళ్లుగా ఒక్క సంచీ పోలేదని అతను మొత్తుకుంటే, పోనిదానికి యంత్రాంగం లేదన్నారు. పక్క గోడౌను వాచ్‌మన్ గుర్రుపెట్టి నిద్రపోయి, నెలకి ఇద్దరు దొంగల్ని రానిచ్చి ఒకణ్ణి పట్టుకుంటాడు. అతనికి ప్రశంసాపత్రం వచ్చింది.

"ఏం చేశావు ఏసోబన్నా?" అంది నాగవేణి.

"మా బావమరిదిని రమ్మన్నానమ్మా. ఖాళీగానే ఉంటున్నాడు. ఒకటో తారీకునొకసారి, పదిహేనునొకసారి వస్తాడు. నేను పట్టుకుంటాను. నువ్వు కూడా పంతం మానేసి ఏదో దారి చూసుకో తల్లీ."

ఆ దారి దక్షిణామూర్తి గారే చూపించారు. పిచర్లకి అన్యాయం జరుగుతోందని రాజుగారు పెట్టుకున్న అర్జీ మీద వారం తిరక్కుండా సర్క్యులరొచ్చింది. నోటీసు బోర్డు దగ్గర నిలబడి రాజుగారు పైకే చదివారు. పిచరు మూలముగా మైదానంలో ఉత్పత్తి అగు ఏకైక సంఖ్య, ఆమె బంతులపై ఎదుటి జట్టు చేయు పరుగులు. కావున అట్టి పరుగు ఒక్కింటికి పిచరుకు ఒక పాయింటు మంజూరు చేయడమైనది. పరుగుకు అవరోధం కలిగించు వారికి మైనస్ ఒకటి, అవుటగు బ్యాటరుకు మైనస్ రెండు. బంతిని ఆపుటకు తప్ప వేరు ప్రయోజనం లేని చేతి గ్లవ్సులు అనుత్పాదక పరికరములుగా గోడౌనుకు అప్పగించవలెను.

రాజుగారు రెండోసారి చదివారు, మనసులో. కళ్లజోడు జేబులో పెట్టుకున్నారు.

"అంటే వాళ్లకి ఎన్ని పరుగులిస్తే నాకంత మంచిదాండీ?" అంది నాగవేణి.

"అంతేనమ్మా."

"మరి మీరు నేర్పిందంతా?"

"నేను నేర్పింది ఆట. వీళ్లు పెట్టింది ఉద్యోగం. ముందు ఉద్యోగం చూసుకో. పోనీలే" అన్నారాయన. ఆ పోనీలే అనడానికి పెద్దాయన ఎంత కష్టపడ్డారో ఆమెకి తెలిసింది.

నెలాఖరుకి రెండు రోజుల ముందు ఫైనలు, రొయ్యల మండలితో. కప్పు ఇవ్వడానికి కార్పొరేషన్ చైర్మన్ గారు వస్తున్నారు. ఆయనకి సాయంత్రం ఆరున్నరకి గృహప్రవేశం విందుంది. ముఖ్య అతిథి గారి సమయాభావం వల్ల తొమ్మిది ఇన్నింగ్సుల ఆటని జట్టుకొక ఇన్నింగ్సుకి కుదించారు. మూడింటికి మొదలైతే నాలుగింటికల్లా ఫలహారాలు అని ఆహ్వానపత్రం మీద అచ్చేశారు.

రొయ్యల మండలి ముందు బ్యాటింగుకి దిగింది. నాగవేణి మొదటి బంతి విసిరింది. విసిరిందనడం కూడా తప్పే. తలంబ్రాలు పోసినట్టు పోసింది. కుమారి బ్యాటు తగిలిస్తే అది దొర్లుకుంటూ పోయి గట్టు దగ్గర ఆగింది. ఎవరూ కదల్లేదు. కదిలితే మైనస్ ఒకటి, పైగా చేతికి గ్లవ్సు లేదు. మొదటి సంచి దగ్గర నిలబడాల్సిన పిల్ల సంచి మీదే కూర్చుని పెసరకాయలు వలుచుకుంటోంది. కుమారి నాలుగు సంచులూ చుట్టి వచ్చింది. నాగవేణికి ఒక పాయింటు. సిగ్గుతో ఆమె చెవులు కాలిపోయాయి.

పది, ఇరవై, నలభై. వందో పరుగు దాటగానే దక్షిణామూర్తి గారు లేచి మైకు అందుకున్నారు. "ఇది చరిత్రాత్మక ఘడియ. ఒకే ఇన్నింగ్సునందు శతాధిక పరుగుల ఉత్పత్తిని ఈ జిల్లా ఇదివరకెన్నడూ వీక్షించలేదు." చప్పట్లు మోగాయి. నాగవేణి ఉద్యోగం ఖాయమైపోయింది. ఆరేళ్లు ఎదురుచూసిన సంతోషం ఇదేనా అని చూసుకుంటే, లోపల ఏమీ లేదు. చెయ్యి తనది కానట్టుంది.

నాలుగున్నరకి ఫలహారాలు చల్లారాయి. అయిదింటికి రొయ్యల మండలి పిల్లలు పరిగెత్తడం మానేసి నడవడం మొదలెట్టారు. కుమారి పదహారోసారి చుట్టి వచ్చి, మోకాళ్ల మీద చేతులేసుకుని, "వదినా, ఇంకెంతసేపే తల్లీ" అంది. తను అవుటైతే మైనస్ రెండు, కాబట్టి అవుటవదు. మన జట్టు పిల్లలు గొడవ మొదలెట్టారు. "అక్కా, మాకెప్పుడొస్తది బ్యాటింగు? మాకొద్దా పాయింట్లు? ఎవరో ఒకళ్లు ఆపండి." ఆ ఒకళ్లు తనే అయితే మైనస్ ఒకటి కాబట్టి ఎవరి చోట వాళ్లు నిలబడ్డారు.

అయిదున్నర. నూట నలభై మూడు.

చైర్మన్ గారు గడియారం చూసుకుని అంపైరుని పిలిచారు. "ఎప్పుడైపోద్దయ్యా ఇది?"

"మూడు అవుట్లయితే జట్లు మారతాయండి."

"ఇప్పటికెన్నయ్యాయి?"

"ఇంకా ఒకటీ అవలేదండి. చీకటి పడితే రేప్పొద్దున్న ఇక్కణ్ణుంచే మళ్లీ మొదలెట్టాలండి."

"రేపు నేను రాను" అన్నారు చైర్మన్ గారు దక్షిణామూర్తి గారి వైపు తిరిగి. "ఈ కప్పు నువ్వే ఎవరికిచ్చుకుంటావో ఇచ్చుకో."

దక్షిణామూర్తి గారికి ముచ్చెమటలు పోశాయి. గ్లవ్సులు తెమ్మని గోడౌనుకి మనిషిని తరిమారు. వెళ్లినవాడు ఒగర్చుకుంటూ తిరిగొచ్చాడు. ఏసోబు బావమరిది పదిహేనో తారీకున దొంగిలించింది ఆ గ్లవ్సుల మూటనేనట. దొంగని పట్టుకున్నారు గానీ, మూట సాక్ష్యం కింద పోలీసు స్టేషన్లో ఉందట. పట్టుకున్నందుకు ఏసోబుకి ప్రశంసాపత్రం మీద నిన్ననే సంతకం పెట్టింది ఈయనే.

ఆయన బూట్లతోనే మైదానంలోకి నడిచి నాగవేణి దగ్గర ఆగారు.

"నాగవేణి గారూ" అన్నారు. ఆ గారు ఆమె వినడం అదే మొదలు. "తమరు మునుపు చేసేవారు కదా... అది."

"ఏదండి?"

"అదే. రాకుండా చేయుట."

"దానికి యంత్రాంగం లేదన్నారు కదండి."

"పరిస్థితి తమరు గమనించాలి. చైర్మన్ గారు లేచి నిలబడ్డారు."

నాగవేణి బంతిని అరచేతిలో తిప్పుతూ నిలబడింది. మెల్లగానే మాట్లాడింది. "ఆపుతానండి. రాసివ్వండి."

"వ్రాతపూర్వకముగానా?"

"రానిదాన్ని ఎవరూ నమ్మరండి. ఇరవై ముగ్గురి చుట్టూ తిరిగొచ్చాను. ఆపడం కూడా పనేనని రాసి సంతకం పెట్టండి. విసురుతాను."

ఆయన చుట్టూ చూశారు. చైర్మన్ గారి డ్రైవరు కారు స్టార్టు చేశాడు. జేబులోంచి ఆహ్వానపత్రం తీసి, వెనక గబగబా గీకారు. అనివార్య కారణముల దృష్ట్యా, పిచరు ముగ్గురు బ్యాటర్లను నిరోధించుటకు ఇందుమూలముగా అనుమతించడమైనది.

"పని అన్న మాట లేదండి."

"పని అనుటకు నాకు అధికారం లేదమ్మా" అన్నారు దక్షిణామూర్తి గారు. పాపం, ఆ సాయంత్రం మొత్తానికి ఆయన నోట వచ్చిన నిజం అదొక్కటే.

ఆమె కార్డు చదువుకుని నడుముకి దోపుకుంది. వికెట్ కీపరు లాంటి మనిషి, క్యాచరు బంగారమ్మ, బ్యాటరు వెనక గోనెసంచిని నాలుగు మడతలు పెట్టి రెండు చేతులతోనూ పట్టుకు కూర్చుంది. బంగారమ్మ పర్మనెంటు ఉద్యోగి, మైనస్‌లకి భయపడే మనిషి కాదు. "రావే తల్లీ" అంది, "మధ్యాహ్నం నించీ కూర్చుని నడుములు పట్టేశాయి."

ఎదురుగా కుమారి. "వదినా, మైనస్ రెండే నాకు" అని గొణిగింది.

"తలనొప్పని రాసెయ్యి" అంది నాగవేణి.

అప్పుడు విసిరింది. బంతి వెళ్లడం కుమారి చూడలేదు. వెనక గోనెసంచిలో ధనామని శబ్దం మాత్రం వింది. పెసరకాయలు వలుస్తున్న పిల్ల తల పైకెత్తింది. రెండో ధనాకి పిల్లలందరూ లేచి నిలబడ్డారు. మూడోదానికి రాజుగారు టోపీ తీసి గుండెకి పట్టుకున్నారు. ముగ్గురు బ్యాటర్లు, తొమ్మిది బంతులు, ఆరు నిమిషాలు. ఒక్క బ్యాటుకీ బంతి తగల్లేదు. నాగవేణికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి, చెయ్యి మళ్లీ తనదైనందుకు.

ఆమె దిగుతుంటే రొయ్యల మండలి పిచరు ఎదురొచ్చి, దక్షిణామూర్తి గారి ముందు చెయ్యి చాపింది. "నాకూ ఒక కాపీ ఇప్పించండి సార్." ఇంకో ఆహ్వానపత్రం ఖర్చయింది. ఆ పిల్లా మంచి విసురున్న పిల్లే. మన జట్టు పావుగంటలో రెండు పరుగులకి సర్దుకుంది. నూట నలభై మూడుకి రెండు. కార్పొరేషన్ చరిత్రలో అంతటి ఓటమి లేదు. కప్పు రొయ్యల మండలి చేతిలో పెట్టించి, ఇరుజట్ల మొత్తం నూట నలభై అయిదు పరుగులు రాష్ట్ర రికార్డనీ, ఇది ఉభయుల విజయమనీ దక్షిణామూర్తి గారు మైకులో ప్రకటించారు. చైర్మన్ గారు అప్పటికి కారెక్కేశారు.

నాలుగు రోజుల తర్వాత నాగవేణికి రెండు కవర్లొచ్చాయి. ఇంటికి తీసుకెళ్లి, మంచం మీద కూర్చుని కొబ్బరినూనెతో మోకాళ్లు రుద్దుకుంటున్న తల్లి ముందు విప్పింది. శేషమ్మకి చదువు రాదు.

"మొదటిది పర్మనెంటు చేశారని అమ్మా. అవతలి జట్టుకి నూట నలభై మూడు పరుగులిచ్చినందుకు."

"పోన్లే, గట్టెక్కాం. రెండోది?"

"మెమో. సంజాయిషీ అడుగుతున్నారు."

"ఏం చేశావని?"

"ఆయన కార్డు మీద రాసిచ్చారు కదా, దానికి డిస్పాచ్ నంబరు లేదు కాబట్టి అది చెల్లదట." నాగవేణి కాగితం వెలుతురుకి పట్టుకుని చదివింది. "సదరు ఉద్యోగిని ముగ్గురు బ్యాటర్లను, తొమ్మిది బంతులలో, మైదానమునందలి ఇతరులెవ్వరి తోడ్పాటూ లేకుండా, ఉద్దేశపూర్వకముగాను, అసాధారణ నైపుణ్యముతోను నిరోధించి, రాదగిన పరుగులకు అవరోధం కలిగించినట్లు విచారణలో నిస్సందేహముగా రుజువైనది." కింద దక్షిణామూర్తి గారి సంతకం, గుండ్రటి సీలు, డిస్పాచ్ నంబరు, గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ.

శేషమ్మ నూనె చేతులు చీరకి తుడుచుకుని, ఆ రెండో కాగితాన్ని అంచులు పట్టుకుని అందుకుంది. సీలు ఉన్నచోట బొటనవేలితో తడిమి చూసింది.

"ముప్పయ్యేళ్లు పెంకులందుకున్నానే" అంది. "పగిలినప్పుడల్లా పుస్తకంలో రాసుకున్నారు. పగలకుండా అందుకున్నది ఒక్కటీ ఎవరూ రాయలేదు. నీకు తిడుతూనైనా రాసిచ్చారు. ఇది గోడకి తగిలించు."

నాగవేణి మేకు వెతకడానికి లేచింది.